ఒక్క తాడూ లేదు

ఆ రోజు ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటల ఆటకు వెళ్లాలి, రెండు గంటల ఇరవై నిమిషాలు రెప్ప వెయ్యకుండా తెరకేసి చూడాలి, ఒంటిగంటన్నరకల్లా ఇంటికొచ్చి ఉతికిన బట్టలు ఆరెయ్యాలి. ఆ వెళ్లడం కూడా సినిమా చూడడానికి కాదు. తాళ్లు చూడడానికి.

వెళ్లే ఆవిడను వీధిలో వాళ్లు ఎదురుగా పిన్నిగారంటారు, వెనకాల గాభరమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఫోను రెండుసార్లు మోగితే ఆసుపత్రి నుంచేనని ఆమెకు ఖాయంగా తెలుసు. అసలు మోగకపోతే, మోగించే ఓపిక కూడా వాళ్లకు లేదని ఇంకా ఖాయంగా తెలుసు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున గొడుగు పట్టుకెళ్తుంది. మబ్బు పట్టిన రోజున అసలు బయటికే వెళ్లదు.

ఆమె ఒక్కగానొక్క కూతురు సినిమాల్లో పని చేస్తుంది. తెరమీద కనిపించే పని కాదు, కనిపించకుండా చేసే పని. సినిమాలో మనిషి గాలిలో ఎగరాలంటే నడుముకు తాళ్లు కట్టి పైకి లాగుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు కంప్యూటరు ముందు కూర్చుని ఆ తాళ్లను ఒక్కొక్కటే చెరిపి, వాటి వెనక ఉండాల్సిన ఆకాశాన్ని మళ్లీ అతికించాలి. ఒక్క సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు. ఈ సినిమా మొత్తం వెన్నెల, మేఘాలు, ప్రేమ. కథానాయిక నేలమీద నడిచినదానికన్నా గాలిలో ఉన్నదే ఎక్కువ. అమ్మాయి రెండేళ్లపాటు కళ్లు ఎర్రబడేలా ఆ తాళ్లే చెరిపింది.

ఇంత చేసినా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆఫీసులో పెద్దాయన ఒకే ఒక్క మాట అన్నాడు. "చూడమ్మా, జనం ఏడ్చారా, నవ్వారా, నిద్రపోయారా, అది డైరెక్టరు గోల. నాకనవసరం. మొదటిరోజు సాయంత్రం ఆరింటిదాకా జనం అభిప్రాయాలన్నీ చదువుతాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తాడు కనపడిందన్నాడా, సోమవారం నువ్వు రానక్కర్లేదు. ఎవడూ అనలేదా, నీ ఉద్యోగం ఖాయం. ఆరింటికి ఫోన్ చేస్తా."

అందుకని ఆ ఉదయం అమ్మాయి ఫోను ఆపేసి బట్టల బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. గదిలో పరదా లాగింది. "ఆరింటిదాకా నాకెవరూ ఏమీ చెప్పద్దు. బాగుందని చెప్పద్దు, బాలేదనీ చెప్పద్దు. అమ్మా, నువ్వు మొహం కూడా చూపించకు. నీ మొహం చూస్తే వార్తలు చదివినట్టుంటుంది" అని ముసుగు తన్ని పడుకుంది.

తలుపు మూసుకున్న క్షణం నుంచి గాభరమ్మకు ఒక తాడు కనిపించసాగింది. సన్నగా, వెండిరంగులో, ఎక్కడో ఒక మేఘం అంచున కూతురు మరిచిపోయిన ఒకే ఒక్క తాడు. దాన్ని చూసి హాలంతా గొల్లున నవ్వుతోంది. ఇంక ఇంట్లో కూర్చోవడం ఆమెవల్ల కాలేదు.

భర్తకు వీధి చివర గడియారాలు బాగుచేసే కొట్టుంది. తొందర అన్నది ఆయన ఇంకా విప్పి చూడని యంత్రం. ఆమె వెళ్లేసరికి ఆయన ఒక చిన్న చక్రాన్ని వేలికొనమీద పెట్టుకుని దానికేసి ప్రేమగా చూస్తున్నాడు.

"ఏమండీ, లేవండి. సినిమాకి వెళ్తున్నాం. ఆ కంటికి పెట్టుకునే అద్దం కూడా తెచ్చుకోండి."

"సినిమాకి అద్దమెందుకే?"

"తాడు మరీ సన్నగా ఉంటుందిట."

"దీంతో చూస్తే తాడు కనపడదు. ముందు సీటాయన తలలో చుండ్రు కనపడుతుంది" అని ఆయన చక్రాన్ని డబ్బాలో పెట్టి, 'ఇప్పుడే వస్తాను' అన్న అట్టముక్క తలుపుకు తగిలించి బయల్దేరాడు.

హాల్లో పాతికమంది కూడా లేరు. దీపాలారాయి. తెరమీద కొంచెం వెన్నెల నేలమీద ఒలికి, అమ్మాయిగా లేచి నిలబడింది. ఆ ఊళ్లో వీధిదీపాలు వెలిగించే యువకుడు నిచ్చెనమీద నుంచి ఆమెను చూశాడు. ఆ వెన్నెలమ్మాయికి ఒక చిత్రమైన బాధ ఉంది. ఎవరైనా తన ఎదుట నిజం చెప్తే ఒళ్లు తేలికై పైకి లేచిపోతుంది, అబద్ధం చెప్తే బరువెక్కి నేలమీద నిలబడుతుంది. ఆమెను తన దగ్గరే ఉంచుకోవాలని ఆ యువకుడు రోజుకొక అబద్ధం చెప్తాడు. నువ్వు అందంగా లేవంటాడు. నిన్న నువ్వు రాలేదని నేను చూసుకోనే లేదంటాడు. ఆమె సంతోషంగా నేలమీద నడుస్తుంది.

ఈ సంగతులేవీ గాభరమ్మ కంటికి ఆనలేదు. ఆమె చూపు కథానాయిక భుజాలకు జానెడు పైన నిలిచిపోయింది. అక్కడ ఏముంది? ఆకాశముంది. మసకనీలం మీద పాలనురుగు లాంటి మబ్బు, ఆ మబ్బు వెనక ఒక చుక్క. అది పోతే ఇంకో ఆకాశం. మొదట అదురుతున్న గుండెతో చూసింది, తర్వాత ఉత్త కళ్లతో చూసింది, ఆ తర్వాత తను చూస్తున్నానన్న సంగతే మర్చిపోయింది. మనిషి పక్కన అంత ఖాళీ ఉంటుందనీ, అది అంత మెత్తగా ఉంటుందనీ ఆమె ఎప్పుడూ గమనించలేదు. కుర్చీలో తనే ఒకసారి కొంచెం పైకి లేచినట్టనిపించి, గబుక్కున కుర్చీ చేతులు పట్టుకుంది. పక్కన భర్త గురక సన్నగా, లయగా, బాగుచేసిన గడియారంలా నడుస్తోంది.

చివర్లో ఆ యువకుడు ఇక అబద్ధమాడలేక నిజం చెప్పేశాడు. వెన్నెలమ్మాయి నెమ్మదిగా తేలి, దీపాలు దాటి, ఇళ్ల కప్పులు దాటి వెళ్లిపోయింది. భుజాలమీద, నడుముమీద, చెప్పుల పైన కూడా ఎక్కడా తాడు లేదు. గాభరమ్మ ఆనాటి మొదటి పూర్తి ఊపిరి పీల్చుకుంది.

అక్కడితో ఇంటికెళ్లి బట్టలారేసుకుంటే ఈ కథ లేదు.

బయట మెట్లమీద ఎర్ర మైకు పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. మరో చేతిలో కర్రకు గుచ్చిన ఫోను. సినిమా చూసి వచ్చినవాళ్ల అభిప్రాయాలు అక్కడికక్కడే జనానికి చూపించడం ఆ పిల్ల పని. వచ్చిన పాతికమందిలో ఇరవైమంది ఆవులిస్తూ తప్పించుకున్నారు. గాభరమ్మకు తప్పించుకోవడం చేతకాదు.

"ఆంటీ, ఆంటీ! ఒక్క మాట. సినిమా ఎలా ఉంది?"

ఈ పిల్ల ఆ పెద్దాయన పంపిన మనిషేనని గాభరమ్మకు క్షణంలో నిశ్చయమైపోయింది. గొంతు సవరించుకుని, కోర్టులో సాక్షిలా నిటారుగా నిలబడింది. "మొదట్నించీ చివరిదాకా చూశానమ్మా. రెప్ప వెయ్యలేదు. ఒక్క తాడూ లేదు, ఒట్టు! చివరికి తేలిపోయింది." అంతసేపు రెప్ప వెయ్యని కళ్లు భగ్గున మండి ధారగా నీళ్లు కారాయి. తుడుచుకుంది.

"అంకుల్, మీరేమంటారు?"

"పదకొండన్నారు. పదకొండూ నాలుక్కి వేశారు" అన్నాడు గడియారాల ఆయన.

ఇంటికొచ్చి బకెట్టు తీసుకుని డాబా ఎక్కి రెండో దుప్పటి దులుపుతుండగా, కింది వాటాలో ఉండే తెలుగు మాస్టారు మెట్లెక్కి పరుగున వచ్చాడు. చేతిలో ఫోను, మొహంనిండా ఆనందం.

"పిన్నిగారూ! ఎంత మాటన్నారండీ! ముప్పయ్యేళ్లుగా పిల్లలకి క్లుప్తత అంటే ఏమిటో చెప్తున్నాను, ఒక్కడికీ ఎక్కలేదు. మీరు ఒక్క ముక్కలో చూపించారు!"

"నేనేమన్నాను మాస్టారూ?"

"తాడూ బొంగరం లేని కథ అని అందరూ అంటారు. మీరు బొంగరం కూడా దండగని వదిలేసి, 'ఒక్క తాడూ లేదు' అన్నారు చూడండి, అదండీ విమర్శంటే! పైగా 'చివరికి తేలిపోయింది' అని ముగింపు. తేలిపోయింది! సినిమా గాలి మొత్తం తీసేశారు. అంతా అయ్యాక ఆ కన్నీళ్లు! వీళ్లు వెనక ఏడుపు సంగీతం కూడా పెట్టారు, వినండి."

ఫోనులో గాభరమ్మ ఏడుస్తోంది. పైన ఎర్ర అక్షరాలు: 'ఒక్క తాడూ లేదు! తేలిపోయిన సినిమా! తట్టుకోలేక ఏడ్చేసిన పెద్దావిడ!' కింద జనం అభిప్రాయాలు జారిపోతున్నాయి. మాస్టారు ఉత్సాహంగా చదివి వినిపించాడు. "'పెద్దవాళ్ల నోట అబద్ధం రాదు.' 'ఆవిణ్ణి ఏడిపించినందుకు డైరెక్టరు క్షమాపణ చెప్పాలి.' 'నాక్కూడా తేలిపోయిందనే అనిపించింది, ఇంకా చూళ్లేదు కానీ.' చూశారా, చూడనివాళ్లు కూడా మీతోనే ఉన్నారు. ఇప్పటికి ముప్పైవేలమంది!"

తడిదుప్పటి గాభరమ్మ చేతిలోంచి జారి డాబామీద కుప్పకూలింది. సినిమా పోతుంది. సినిమా పోతే కంపెనీ పోతుంది. కంపెనీ పోతే పెద్దాయన పోతాడు. పెద్దాయనే పోయాక ఉద్యోగం ఖాయం చేసేదెవరు? కన్నకూతురి రెండేళ్ల కష్టాన్ని కన్నతల్లే రెండు మాటలతో ముంచేసింది. మెట్లు దిగుతూ, మూసి ఉన్న కూతురి గది తలుపు ముందు మొహం పక్కకు తిప్పుకుని, మునివేళ్లమీద దాటింది.

'ఇప్పుడే వస్తాను' అట్టముక్క ఇంకా కొట్టు తలుపుకే ఉంది. ఆయన దాన్ని తియ్యబోతున్నాడు.

"తియ్యకండి. మళ్లీ వెళ్తున్నాం."

"ఎక్కడికే?"

"అన్న మాట వెనక్కి తీసుకోవడానికి."

రెండున్నర ఆటకు ఇంకా పావుగంట ఉంది. మైకు పిల్ల మెట్లమీదే ఉంది. గాభరమ్మను చూడగానే చుట్టాన్ని చూసినట్టు చెయ్యూపింది.

"అమ్మా తల్లీ, అది తీసెయ్యమ్మా. నేనన్నది అది కాదు."

"తియ్యడమా! ఆంటీ, మీరిప్పుడు యాభైవేలు దాటారు. కావాలంటే ఇంకోటి చెప్పండి. ఇప్పుడే, లైవ్‌లో. వివరణ అంటాను."

ఈసారి ఎవరికీ అనుమానం రాకుండా అంతా విడమరిచి చెప్పాలని గాభరమ్మ గట్టిగా అనుకుంది. విడమరచడమే కొంప ముంచింది. "నేను కథని అనలేదు తల్లీ. ఆ హీరోయిన్ పిల్లని తాళ్లతో కట్టారు. కట్టి పైకి లాగారు. ఆ తాళ్లన్నీ మా అమ్మాయే చెరిపేసింది. రెండేళ్లు తిండీ నిద్రా మాని చెరిపింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. కావాలంటే మీరే వెళ్లి వెతుక్కోండి!"

మైకు పిల్ల కళ్లు చక్రాల్లా తిరిగాయి. రెండు నిమిషాల్లో ఎర్ర అక్షరాలు మారాయి. 'హీరోయిన్‌ని తాళ్లతో కట్టేశారు! సాక్ష్యాలు చెరిపేసిన కూతురు! బయటపెట్టిన తల్లి! దమ్ముంటే వెతుక్కోండి అని సవాలు!'

"నేను దమ్ము అనలేదే!" అంది గాభరమ్మ.

"అది మేం వేసుకుంటాం ఆంటీ."

ఇంతలో జనం రాసాగారు. ఒకరిద్దరు కాదు, పక్క వీధుల్లోంచి, బస్సుల్లోంచి, ఆఫీసుల్లోంచి తలనొప్పి అని చెప్పి. హీరోయిన్ అభిమానులు పిడికిళ్లు బిగించి వచ్చారు. పెళ్లై ఏడాది కాని జంటలు వచ్చాయి. బైనాక్యులర్ మెడలో వేసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. పొద్దున పాతికమంది కూర్చున్న హాల్లో మూడువందల మంది నిండారు. ఒక్కరికీ కథ అక్కర్లేదు. అందరికీ తాడు కావాలి.

గాభరమ్మ వరండాలో గోడకానుకుని కూలబడింది. లోపల దాదాపు రెండు గంటలు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆమె మనసు సినిమాలోని ఆకాశాలన్నిటినీ మళ్లీ ఒకటొకటే తడుముకుంటోంది. అప్పుడు లోపల్నుంచి కేక వినపడింది.

"అదిగో! తాడు!"

"ఎక్కడ?" "ఎడం భుజం పైన!" "అవున్రోయ్, ఊగుతోంది కూడా!"

మైకు పిల్ల తలుపు తోసుకుని బయటికొచ్చింది. "ఆంటీ, దొరికింది!"

గాభరమ్మ లేచి లోపలికి పరుగెత్తింది. పరదా తొలగించి చూసింది. నిజమే. వెన్నెలమ్మాయి ఎడంభుజం పైనుంచి తెర పైఅంచుదాకా నల్లటి తాడు. పొద్దున లేదు. రెప్పైనా వెయ్యలేదు కదా, పొద్దున ఒట్టేసి చెప్పింది కదా! ఎక్కణ్ణించి వచ్చిందిది? కళ్లముందు సోమవారం వచ్చేసింది. సోమవారం వెనక వరసగా ఇంకా చాలా సోమవారాలు, అన్నిట్లోనూ కూతురు ముసుగు తన్ని పడుకుని ఉంది.

తెరమీద బొమ్మ మారింది. ఇప్పుడు దీపాల యువకుడు ఒక్కడే ఉన్నాడు, నూనె సీసా మూత తీస్తూ. తాడు మాత్రం అక్కడే ఉంది. సరిగ్గా అతని ముక్కుమీద.

వెనక నిలబడిన గడియారాల ఆయన నిదానంగా అన్నాడు. "ఆ అబ్బాయిని ముక్కుకి తాడు కట్టి లాగుతారా?"

"ఏమిటండీ మీరనేది?"

"ఇది సినిమాలో ఉన్న తాడు కాదే. మనిషి మారినా అది కదల్లేదు. పైన గదిలో, బొమ్మ వచ్చే కిటికీ దగ్గరేదో వేలాడుతోంది. పద."

సినిమా వేసే గది మేడమీద ఉంది. ఇరుకు మెట్లు. తలుపు తీసిన ఆపరేటరు గడియారాల ఆయన్ని చూసి తెల్లబోయాడు. "బాబాయ్‌గారూ, వచ్చేవారం తప్పకుండా తీసుకెళ్తానండీ. ఒక్క వాచీ కోసం ఇంతదూరం వచ్చారా?"

"ఎనిమిది నెలలైంది, బాగుచేసి పెట్టి. దానిగురించి కాదులే. కిటికీకి ఏమైంది?"

"కిటికీకేం, శుభ్రంగా ఉంది. జనం బాగా వస్తున్నారని మేనేజరు చెప్తే, పొద్దుటాటయ్యాక గదంతా బూజు దులిపాను. నాలుగేళ్ల తర్వాత!"

అంతే, విషయం తేలింది. దులిపిన బూజులోంచి ఒక పోగు, దుమ్ము పట్టి నల్లబడినది, గోడలోని ఆ చిన్న కిటికీ బయట, మెల్లగా జారి వెలుగు దారికి అడ్డంగా వేలాడుతోంది. నాలుగేళ్లు ఎవరి జోలికీ పోకుండా మూలనున్న బూజును గాభరమ్మ తెచ్చిన జనమే అక్కడికి తెచ్చింది.

"చీపురుచ్చుకుని కొట్టనా?" అన్నాడు ఆపరేటరు.

"వద్దు. చెదిరి అద్దానికంటుకుంటే సాయంత్రందాకా పది తాళ్లు కనపడతాయి." గడియారాల ఆయన జేబులోంచి సన్నటి పట్టకారు తీశాడు. వెంట్రుకంత తీగలను గడియారాల్లోంచి తీసేది అది. కిటికీ పక్క రెక్క తెరిచి, పైనుంచి చెయ్యి బయటికి పోనిచ్చాడు.

తెరమీద అప్పుడే చివరి ఘట్టం. దీపాల యువకుడు వెన్నెలమ్మాయి ముందు తలవంచి నిలబడ్డాడు. "నువ్వు లేకపోతే ఈ దీపాలు ఎవరికోసం వెలిగించాలో నాకు తెలీదు" అన్నాడు. అది నిజం. ఆమె కాళ్లు నేలను వదిలాయి. అదే క్షణంలో తెర పైనుంచి, ఇంటికప్పు అంత పెద్ద నీడచెయ్యి దిగింది.

హాలంతా బిగుసుకుపోయింది.

"త్వరగా కానివ్వండి, జనం చూస్తున్నారు!" అని గుసగుసలాడింది గాభరమ్మ.

"తొందరపడితే తెగుతుంది. నువ్వు ఊపిరి వదిలినప్పుడల్లా ఊగుతోంది. కాసేపు బిగబట్టు."

బిగబట్టింది. పెళ్లైన ఇన్నేళ్లలో అంతసేపు ఆమె నోట మాట లేకపోవడం అదే మొదలు. ఇంకో చిన్న కిటికీలోంచి కిందికి చూసింది. నీడచెయ్యి వెన్నెలమ్మాయి భుజంమీది తాడును రెండు మొనల మధ్య పట్టుకుంది. అంత పెద్ద చెయ్యి, అంత మెత్తగా. చెయ్యి పైకి లేస్తోంది, తాడు లేస్తోంది, ఆమె లేస్తోంది. దీపాలు దాటారు, కప్పులు దాటారు. అంతెత్తున తాడు మాయమైంది, చెయ్యి మాయమైంది, మిగిలిన ఆకాశంలోకి ఆమె ఒక్కతే, దేనికీ కట్టకుండా, వెళ్లిపోయింది.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు. మూడువందల మందీ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. లేచి వచ్చి కొడతారని గాభరమ్మ మెట్లవైపు చూసింది, దిగడానికి ఇంకో దారి లేదు. అప్పుడు ఎక్కడో ముందువరసలో ఒక చప్పట్టు. పక్కన ఇంకోటి. తర్వాత లెక్క తెలియలేదు.

బయట మైకు పిల్లకు ఈసారి ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయింది. జనమే మైకు లాక్కుని మాట్లాడారు.

"ఆ చెయ్యి ఎవరిదంటారు?" "కాలానిదండీ. మణికట్టుకి వాచీ ఉంది, చూళ్లేదా?" "కాదు కాదు, వాళ్ల నాన్నది. కూతుర్ని పంపించేటప్పుడు అలాగే పట్టుకుంటారు." "ఇన్నాళ్లూ మనల్నెవరు పట్టుకున్నారో వదిలేటప్పుడే కదా తెలిసేది!" అని బైనాక్యులర్ పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. హీరోయిన్ అభిమానులు పిడికిళ్లు విప్పి ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. "తాడు వెతుక్కోమంది ఇందుకన్నమాట, పెద్దావిడకి ముందే తెలుసు!" అంది ఒక కొత్త పెళ్లికూతురు.

ఆ పెద్దావిడ, ఆ కాలం, ఇద్దరూ తలలు వంచుకుని పక్కసందులోంచి ఇంటిదారి పట్టారు. వాళ్లకు వినపడినది ఒకే ఒక్క మాట. ప్రతి నోటా ఉన్న మాట. తాడు కనపడింది, తాడు కనపడింది, తాడు కనపడింది.

ఇంటికొచ్చేసరికి అయిదున్నర. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. వెనక తెలుగు మాస్టారు, చెప్పకూడనిదంతా చెప్పేసినవాడి చూపుతో, డాబామీది దుప్పటి గురించి అడగడానికే వచ్చానని గొణిగి కిందికి దిగిపోయాడు.

"అమ్మా. ఏం చేశావే?"

"నీకు మంచి చేద్దామనుకున్నానే."

"మూడువందలమంది తాడు చూశామంటున్నారట. రెండేళ్లమ్మా! ఒక్కడంటే ఒక్కడన్నాడు ఆయన. నువ్వు మూడువందలమందిని పోగేసి మరీ చూపించావ్!"

గాభరమ్మ గడపమీదే కూర్చుంది. చెప్పడానికి సంజాయిషీలు చాలా ఉన్నాయి: బూజు, చీపురు, బొంగరం. అన్నీ పక్కన పెట్టింది. "నాకు ఆ సినిమా కథ సరిగ్గా తెలీదే" అంది చివరికి. "ఆ పిల్ల మొహమెలా ఉంటుందో కూడా నేను చూళ్లేదు. నువ్వు చేసిన చోటే చూశాను. భుజాల పైన. రెండు గంటలసేపు. ఏమీ లేదక్కడ. అసలేమీ లేదు. ఎంత బాగుందో!"

అమ్మాయి తల్లికేసి తిరిగింది. ఆ పని చేసినన్నాళ్లలో, దాన్ని చూశానన్నవాళ్లు ఆమెకు తగలలేదు. చూడకపోతేనే బాగా చేసినట్టు. గడపమీద తల్లి పక్కనే కూర్చుని, భుజానికి తల ఆన్చి, "మేఘాల సీను చూశావా?" అంది మెల్లగా.

"నీలంగా ఉంటుందే, అదా? పక్కన చుక్క?"

"ఆ చుక్క అసలు లేదమ్మా. తాడు ముడి మరీ లావుగా ఉందని దానిమీద నేనే పెట్టాను."

ఆరు గంటలకు బీరువాలోంచి తీసిన ఫోను వెలిగీ వెలగగానే మోగింది. అమ్మాయి స్పీకరు నొక్కింది. ముగ్గురూ దానికేసి చూశారు, పేలబోయే వస్తువును చూసినట్టు.

"ఏమ్మా" అంది పెద్దాయన గొంతు. "తాడు చూశామని ఎంతమందన్నారో తెలుసా? మూడువందల పన్నెండు. నేను కూర్చుని లెక్కపెట్టాను."

"సార్, అది నా తాడు కాదు సార్..."

"నాకు తెలుసు. నీ బొమ్మలన్నీ నేనే చూశాగా, నువ్వు వదల్లేదు. నా గోల అది కాదు. మిగతా హాళ్లన్నిటినించీ ఫోన్లే ఫోన్లు. మాకు చెయ్యి ఎందుకు వెయ్యలేదు, మా తాడు ఎందుకు కత్తిరించారు అని. ఒక చోట మేనేజర్ని గదిలో పెట్టి గడియ వేశారట. డైరెక్టరేమో అది తన ఆలోచనేనని అప్పుడే ముగ్గురికి చెప్పేశాడు. సోమవారానికి ఆ చెయ్యి అన్ని కాపీల్లోకీ ఎక్కాలి. నీ ఉద్యోగం ఖాయం, కాగితం పంపిస్తున్నా. ఇంతకీ ఆ చెయ్యి ఎవరిదో వెతికి పట్టుకో. అలాంటి నిదానం మళ్లీ దొరకదు. ఆ చెయ్యి నాకు కావాలి."

ఫోను ఆగింది. అమ్మాయి దాన్ని కింద పెట్టింది. కళ్లనిండా నీళ్లు, వాటి వెనక నవ్వు.

"చెయ్యి కావాలంటున్నాడా?" గాభరమ్మ భర్త చేతిని రెండు చేతులా గుండెకు హత్తుకుంది. "అయ్యయ్యో! ఎందాకా?"

"మణికట్టుదాకా చాల్లే" అన్నాడు గడియారాల ఆయన. "వాచీ మాత్రం నేనివ్వను."

సోమవారం ఉదయం, రెండేళ్లపాటు తాళ్లు చెరిపిన అమ్మాయి, ఉద్యోగం ఖాయమయ్యాక చేసిన మొట్టమొదటి పనిగా, ఒక శుభ్రమైన ఆకాశం తీసుకుని దానిమీద అందరికీ కనపడేలా ఒక తాడు గీసింది.